ఒక అయస్కాంత తుఫానును సౌర పవనం డేటాలో చదవడం ఎలా?

ప్రాజెక్టు అడగడానికి వచ్చే ఎమ్మెస్సీ పిల్లల్లో ఎక్కువమందిది ఒకటే మాట: "మేడం, 2024 మే తుఫాను తీసుకుంటాం." ఎందుకో అడగక్కర్లేదు. ఎర్రబడిన ఆకాశం ఫొటోలు అందరి ఫోన్లలోనూ ఉన్నాయి. డీఎస్‌టీ (భూమి అయస్కాంత క్షేత్రం ఎంత కుంగిందో చెప్పే సూచిక) −400 నానోటెస్లాల కిందికి పడింది, కేపీ (అలజడిని 0 నుంచి 9 దాకా చెప్పే సూచిక) 9కి ఎక్కింది. అయినా మొదటి తుఫానుగా దాన్ని నేను ఇవ్వను. ఆ కొద్ది రోజుల్లో 13664 నంబరు సన్‌స్పాట్ గుంపు వరసపెట్టి ప్లాస్మాను (ఆవేశిత కణాల వేడి వాయువును) విరజిమ్మింది. వెనక బయల్దేరినవి ముందున్నవాటిని తోసుకుంటూ వచ్చాయి, భూమి దగ్గరికి చేరేసరికి అన్నీ కలగాపులగం. ఒకటి ఎక్కడ ముగిసి ఇంకొకటి ఎక్కడ మొదలైందో తేల్చడం ఆరితేరినవాళ్లకే కష్టం. రెండు మూడు తుఫానులు చదివాక దాని దగ్గరికి వెళ్లండి.

మొదట ఇచ్చేది 2015 మార్చి 17 తుఫాను. డీఎస్‌టీ లెక్కన 24వ సౌర చక్రంలో (సూర్యుడి అలజడి సుమారు 11 ఏళ్లకోసారి పెరిగి తగ్గే చక్రం) అదే అన్నిటికంటే పెద్దది. తమాషా ఏమిటంటే, దానికి కారణమైన మార్చి 15 నాటి పేలుడుతో వచ్చిన ఫ్లేర్ (సూర్యుడి మీద పుట్టే వెలుగు మెరుపు) సీ9 తరగతిది. దానికి పైనుండే ఎం కూడా కాదు, అన్నిటికంటే పెద్దదైన ఎక్స్ అసలే కాదు. తుఫాను వస్తే చిన్నదే వస్తుందని అంచనా వేశారు. తీరా చూస్తే తుఫాను తీవ్రతకు వాడే ఐదు మెట్ల జీ-స్కేలు మీద నాలుగో మెట్టుకు చేరింది. ఫ్లేర్ తరగతి చూసి తుఫాను సైజు చెప్పేసే అలవాటు ఉన్నవాళ్లకు ఈ ఒక్క కేసు చాలు.

తుఫాను గట్టిగా ఉంటుందా లేదా అన్నది, భూమిని తాకే సౌర పవనంలోని (సూర్యుడి నుంచి ఎప్పుడూ వీచే ఆవేశిత కణాల గాలి, ఇకపై గాలి అంటే ఇదే) అయస్కాంత క్షేత్రం దక్షిణం వైపు ఎంత బలంగా, ఎంతసేపు తిరిగి ఉందన్నదాన్ని బట్టే తేలుతుంది. వేగం, సాంద్రత, ఒత్తిడి అన్నీ లెక్కలోకి వస్తాయి, కానీ ఆ తర్వాతే. ఈ గైడ్ మొత్తం ఆ ఒక్క సంగతిని డేటాలో కళ్లారా చూడటం గురించే.

ముందు కాస్త భౌతికశాస్త్రం

భూమికి పగటి వైపు అంచున మన అయస్కాంత క్షేత్రం ఉత్తరానికి ఉంటుంది. సౌర పవనం మోసుకొచ్చే క్షేత్రం దక్షిణానికి ఉంటే రెండూ ఎదురెదురుగా తగిలి, రేఖలు తెగి మళ్లీ అతుక్కుంటాయి. ఆ దారిన శక్తి లోపలికి చేరి, భూమి వెనక తోకలో పోగుపడి, అక్కడి నుంచి ప్రోటాన్లను, ఆక్సిజన్ అయాన్లను భూమి చుట్టూ తిరిగే వలయంలోకి నెడుతుంది. ఆ వలయ విద్యుత్తు పుట్టించే క్షేత్రం భూమధ్యరేఖ దగ్గర భూమి క్షేత్రానికి వ్యతిరేకంగా ఉంటుంది కాబట్టి నేల మీది మాగ్నెటోమీటర్లలో రీడింగు తగ్గుతుంది. ఆ తగ్గుదలకు గంట సగటే డీఎస్‌టీ. హెర్మానస్, కకియోకా, హొనొలులు, శాన్ హ్వాన్ అనే 4 కేంద్రాల కొలతల నుంచి క్యోటోలోని ప్రపంచ డేటా కేంద్రం దీన్ని లెక్కగడుతుంది. −50 దాటితే ఓ మోస్తరు తుఫాను, −100 దాటితే తీవ్రమైనది. అదే కథను నిమిషం నిమిషానికి చెప్పేది సిమ్-హెచ్.

కేపీని జర్మనీలోని పోట్స్‌డామ్ కేంద్రం ఇస్తుంది. మూడు గంటలకు ఒక్క అంకె, పైగా సమానమైన మెట్లు కావు. వార్తలకు బాగుంటుంది, అరోరా (తుఫానప్పుడు ఆకాశంలో కనిపించే రంగుల వెలుగు) ఎక్కడిదాకా కనిపిస్తుందో చెప్పడానికి పనికొస్తుంది. కారణం ఏది, ఫలితం ఏది అని గంటల లెక్కన పోల్చాలనుకునే మనకు చాలదు. డీఎస్‌టీ, సిమ్-హెచ్ పట్టుకోండి.

డేటా ఎక్కడిది

భూమికి సూర్యుడి వైపు సుమారు 15 లక్షల కిలోమీటర్ల దూరంలో ఉండే ఎల్1 బిందువు చుట్టూ తిరిగే వ్యోమనౌకలే మన కళ్లు. 1994లో వెళ్లిన విండ్ (చాలాకాలం ఇతర కక్ష్యల్లో తిరిగి 2004 నుంచి అక్కడే ఉంది), 1997లో వెళ్లిన ఏస్, 2015లో వెళ్లిన డిస్కవర్. 2024 జనవరిలో ఇస్రో వారి ఆదిత్య-ఎల్1 కూడా అక్కడికి చేరింది. అందులో సౌర పవనం కణాలను కొలిచేవి ఆస్పెక్స్, పాపా. క్షేత్రాన్ని కొలవడానికి మాగ్నెటోమీటరు వేరే ఉంది. ఆ డేటా ఇస్రో వారి ప్రదాన్ పోర్టల్‌లో దొరుకుతుంది. 2015 తుఫానుకు అది పనికిరాదు, ఎలాగూ అప్పటికి అది లేదు.

మొదటి ప్రాజెక్టుకు విడివిడి నౌకల ఫైళ్లతో కుస్తీ పట్టకండి. నాసా గొడ్డార్డ్ కేంద్రం వాళ్లు తయారుచేసే ఆమ్ని డేటాతో మొదలుపెట్టండి. వివిధ నౌకల కొలతలను సరిచూసి ఒకే పట్టికలో పెట్టి ఇస్తారు. గంట సగటులు 1963 నుంచి ఉన్నాయి. మనకు కావలసింది నిమిషం డేటా. ఆమ్ని వెబ్‌సైట్‌లో అధిక విభేదన (హై రిజల్యూషన్) పేజీలోకి వెళ్లి 2015 మార్చి 15 నుంచి 22 వరకు ఇవ్వండి. తుఫాను రోజు ఒక్కటే తీసుకుంటే ప్రశాంతంగా ఉన్నప్పుడు గాలి ఎలా ఉందో తెలియదు, తుఫాను చల్లారడమూ కనిపించదు. ముందు కనీసం ఒక రోజు, వెనక నాలుగైదు రోజులు ఉండాలి.

టిక్ పెట్టవలసినవి: మొత్తం క్షేత్రం పరిమాణం, జీఎస్‌ఎం నిరూపకాల్లో బీవై (క్షేత్రంలో పక్కవాటు భాగం), బీజడ్ (ఉత్తర-దక్షిణ భాగం, మైనస్ అయితే దక్షిణం), గాలి వేగం, ప్రోటాన్ సాంద్రత, ఉష్ణోగ్రత, ప్రవాహ ఒత్తిడి, సిమ్-హెచ్. డీఎస్‌టీ మాత్రం గంటల ఫైలు నుంచి విడిగా తెచ్చుకోవాలి.

జీఎస్‌ఎం అని పట్టుబట్టడానికి కారణం ఉంది. అదే పేజీలో బీజడ్ రెండు చోట్ల కనిపిస్తుంది, ఒకటి జీఎస్‌ఈ, ఇంకొకటి జీఎస్‌ఎం. జీఎస్‌ఈ భూకక్ష్యా తలాన్ని ఆధారం చేసుకుంటుంది. జీఎస్‌ఎం భూమి అయస్కాంత అక్షం ఎటు వాలి ఉందో దాన్ని బట్టి తిరుగుతుంది. రేఖలు తెగి అతుక్కోవడానికి కావలసింది మన అయస్కాంతానికి ఎదురా కాదా అన్నది కదా, అందుకే జీఎస్‌ఎం. మార్చి, సెప్టెంబరు ప్రాంతాల్లో ఈ రెండింటి తేడా మరీ ఎక్కువ. గాలిలో పక్కవాటుగా ఉన్న బీవైలో కొంత భాగం జీఎస్‌ఎంలో దక్షిణపు బీజడ్‌గా తేలుతుంది. విషువత్తుల దగ్గర తుఫానులు ఎక్కువగా రావడానికి 1973లో రస్సెల్, మెక్‌ఫెరాన్ చెప్పిన వివరణ ఇదే. మన తుఫాను సరిగ్గా మార్చి నెలది. రెండు బీజడ్‌లనూ ఒకే గ్రాఫ్ మీద వేసి చూడండి, వాక్యాల్లో చెప్పేకంటే బాగా ఎక్కుతుంది.

ఫైలు తెరిచాక ముందు శుభ్రం చేయండి

కొలత లేనిచోట ఆమ్ని ఖాళీ వదలదు, తొమ్మిదులు నింపుతుంది. నిమిషం ఫైల్లో క్షేత్రానికి 9999.99, వేగానికి 99999.9, సాంద్రతకు 999.99. వీటిని తీసేయకుండా గ్రాఫ్ వేస్తే అసలు డేటా అంతా అడుగున ఒక గీతలా అణిగిపోతుంది. అది పర్లేదు, కంటికి కనిపిస్తుంది కాబట్టి దిద్దుకుంటారు. ప్రమాదం సగటులో ఉంది. గంటలో ఒక్క నిమిషం 999.99 కలిసినా ఆ గంట సాంద్రత సగటు 5 ఉండవలసింది దాదాపు 22 అవుతుంది. చూడటానికి నిజమైన అంకెలాగే ఉంటుంది. దాని మీద "షాక్ వచ్చింది" (అంటే వేగంగా వచ్చే గాలి ముందు పుట్టే హఠాత్తు అల) అని పేరా రాసేసినవాళ్లు ఉన్నారు. కాబట్టి పైథాన్ అయినా స్ప్రెడ్‌షీట్ అయినా, ఫైలు తెరిచిన వెంటనే చేయవలసిన మొదటి పని తొమ్మిదులను ఖాళీలుగా మార్చడం.

ఖాళీలను పూడ్చాలా? ఐదు పది నిమిషాల ఖాళీ, చుట్టుపక్కల గాలి నిలకడగా ఉంటే, అటూ ఇటూ కలిపి గీత గీయవచ్చు. షాక్ దగ్గర మాత్రం ఒక్క నిమిషం కూడా పూడ్చకండి. గంటల తరబడి ఖాళీ ఉంటే ఉందని రాయండి. 2003 అక్టోబరు చివరి తుఫానుల్లో సూర్యుడి నుంచి వచ్చిన అధిక శక్తి ప్రోటాన్ల దెబ్బకు ఏస్ మీది ప్లాస్మా పరికరం మామూలుగా పనిచేయలేకపోయింది. క్షేత్రం కొలతలు వస్తూనే ఉన్నాయి గాని సాంద్రత నమ్మదగ్గ స్థితిలో లేదు. పెద్ద తుఫానులకు ఈ పీడ ఎప్పుడూ ఉంటుంది, డేటా అత్యవసరమైన గంటల్లోనే పరికరం మొరాయిస్తుంది. మొదటి తుఫానుగా మరీ పెద్దది వద్దనడానికి ఇది రెండో కారణం.

ఇంకో సంగతి, దీని మీద ప్రతి ఏడూ ఎవరో ఒకరు తికమకపడతారు. ఆమ్ని నిమిషం డేటాలోని టైమ్, నౌక కొలిచిన టైమ్ కాదు. ఎల్1 దగ్గర కొలిచిన గాలి భూమి ముందున్న బౌ షాక్ (సౌర పవనం భూమి అయస్కాంతావరణానికి ఎదురై ఒక్కసారిగా నెమ్మదించే హద్దు) కొనకు ఎప్పుడు చేరుతుందో లెక్కగట్టి, ఆ టైమ్‌కు జరిపి ఇస్తారు. కాబట్టి మీరు మళ్లీ గంట జరపకూడదు. ఒకమ్మాయి ఏస్ ఫైలును, ఆమ్ని ఫైలును ఒకదాని మీద ఒకటి వేసి "మేడం, షాక్ రెండుసార్లు వచ్చింది" అని పరుగెత్తుకొచ్చింది. ఏస్‌లో అది 4 గంటల ప్రాంతంలో ఉంది, ఆమ్నిలో ముప్పావుగంట తర్వాత. అదే షాక్, రెండు చోట్ల. నేల మీద మాగ్నెటోమీటర్లు ఎగిరింది 4:45కు. ఆ పిల్లతో అప్పుడే ఒక లెక్క చేయించాను: 15 లక్షల కిలోమీటర్లను 45 నిమిషాలతో, అంటే 2700 సెకన్లతో భాగిస్తే సెకనుకు సుమారు 555 కిలోమీటర్లు. ఆ పక్కనే షాక్ వెనక గాలి వేగం ఎంతుందో చూసుకోమన్నాను. ఉజ్జాయింపు లెక్కే, షాక్ తన వెనకున్న గాలి కంటే కొంచెం వేగంగా కదులుతుంది కూడా. కానీ ఒక నౌక, ఒక గడియారం, నేల మీద ఒక సూది మూడూ ఒకే లెక్కలో ఇమిడాయంటే డేటా మీద నమ్మకం కుదురుతుంది.

టైమ్ అంతా యూటీలోనే (ప్రపంచ ప్రామాణిక సమయం) ఉంచండి. మన గడియారంలోకి మార్చాలని సరదా పడకండి, ఏదో ఒక కాలమ్‌లో మర్చిపోతారు.

గ్రాఫ్: ఆరు గళ్లు, ఒకే కాగితం

కంప్యూటర్ తెర మీద జూమ్ చేసుకుంటూ చూస్తే తుఫాను అర్థం కాదని నా అభిప్రాయం. ఆరు గళ్లు ఒకదాని కింద ఒకటి, అన్నిటికీ ఒకే టైమ్ అక్షం, ప్రింటు తీసి, పక్కన స్కేలు, పెన్సిలు. పై నుంచి కిందికి నేను చెప్పే వరస: మొత్తం క్షేత్రం, బీజడ్ (సున్నా దగ్గర అడ్డగీత తప్పనిసరి), వేగం, సాంద్రత, ఉష్ణోగ్రత, అట్టడుగున సిమ్-హెచ్. బీజడ్‌లో సున్నాకు కింది భాగానికి రంగు వేయండి. ఆ రంగు ఎంత వెడల్పుగా ఉందో, అడుగున సిమ్-హెచ్ ఎంత లోతుకు దిగిందో కంటికి ఒకేసారి తగలాలి.

ఇప్పుడు ఎడమ నుంచి స్కేలును నిలువుగా పెట్టి కుడికి జరుపుతూ రండి.

16వ తేదీ చప్పగా ఉంటుంది. వేగం 400 ప్రాంతం, ఇంతకంటే చెప్పుకోవడానికి లేదు. 17న 4:45 దగ్గర ఆగండి. మొత్తం క్షేత్రం, వేగం, సాంద్రత, ఉష్ణోగ్రత నాలుగూ ఒకే నిమిషంలో పైకి లేస్తాయి. నాలుగూ కలిసి లేస్తేనే అది షాక్. సాంద్రత ఒక్కటే లేచి వేగం కదలకపోతే అది వేరే సరుకు. అదే క్షణంలో సిమ్-హెచ్ కూడా పైకి ఎగురుతుంది. కొత్తవాళ్లకు ఇది వింతగా ఉంటుంది, తుఫాను వస్తే కిందికి కదా పోవాలి అని. గాలి ఒత్తిడి ఒక్కసారిగా పెరిగి భూమి అయస్కాంతావరణాన్ని నొక్కింది, నొక్కితే క్షేత్రం బలపడింది, అంతే. తుఫాను ఇంకా మొదలుకాలేదు.

కాసేపటికి బీజడ్ దక్షిణానికి దిగుతుంది. ఇది షాక్‌కూ దాని వెనక వస్తున్న అసలు ప్లాస్మా ముద్దకూ మధ్య నలిగిన గాలి. ఇందులో క్షేత్రం గజిబిజిగా, నిమిషానికో దిక్కుకు తిరుగుతూ ఉంటుంది, అయినా కొన్ని గంటలు దక్షిణం వైపే మొగ్గింది. సిమ్-హెచ్ మొదటి దిగుడు దిగింది. తర్వాత బీజడ్ ఉత్తరానికి తిరిగింది, సిమ్-హెచ్ కొంచెం తేరుకుంది. ఇక్కడ చాలామంది "తుఫాను తగ్గుముఖం" అని రాసేస్తారు. పెన్సిలు ఆపి కుడికి చూడండి. మధ్యాహ్నం నుంచి దాదాపు రోజు ముగిసేదాకా బీజడ్ మళ్లీ దక్షిణంలోనే ఉండిపోయింది. ఈసారి గజిబిజి తక్కువ, క్షేత్రం బలంగా ఉంది, ఉష్ణోగ్రత పడిపోయింది. అయస్కాంత మేఘం అంటే ఇదే: బలమైన క్షేత్రం, నిదానంగా తిరిగే దిక్కు, చల్లటి ప్రోటాన్లు. సిమ్-హెచ్ రెండోసారి దిగి, రాత్రి 11 గంటలకు కాస్త అటూ ఇటూగా −230 దాటి అడుగు తాకింది. రెండు మెట్ల తుఫాను అని పుస్తకాల్లో చదివేది ఇదే.

చల్లదనం అంటే ఎంత చల్లదనం? వేగానికి తగ్గ మామూలు ఉష్ణోగ్రత ఒకటుంటుంది, గాలి వేగంగా ఉంటే వేడిగానూ ఉంటుంది. కొలిచిన ఉష్ణోగ్రత అందులో సగం కూడా లేకపోతే అది సూర్యుడి నుంచి విడివడి వచ్చిన ముద్ద అని రిచర్డ్‌సన్, కేన్ అనే పరిశోధకులు భూమి దగ్గరికి వచ్చిన ఇలాంటి ముద్దల జాబితా తయారీలో వాడిన ఆనవాళ్లలో ఒకటి. ముందు మీ అంతట మీరు హద్దులు గీసి, తర్వాత ఆ జాబితా తెరిచి వాళ్లు ఇచ్చిన టైమ్‌లతో పోల్చండి. రెండు మూడు గంటల తేడా ఉంటే టెన్షన్ పడకండి, ఆ హద్దులు ఎవరికీ గీత గీసినట్టు ఉండవు.

అంకెల్లోకి దించడం

కంటితో చూశాక లెక్క. తూర్పు-పడమర విద్యుత్ క్షేత్రం, ఈవై, ఇలా వస్తుంది: వేగాన్ని సెకనుకు కిలోమీటర్లలో, దక్షిణపు బీజడ్‌ను నానోటెస్లాల్లో తీసుకుని గుణించి 1000తో భాగించండి. 500 కిలోమీటర్ల వేగం, 10 నానోటెస్లాల దక్షిణ క్షేత్రం అయితే మీటరుకు 5 మిల్లీవోల్టులు. బీజడ్ ఉత్తరానికి ఉంటే ఈవై సున్నాగా వేసుకోండి. −100 దాటే తుఫాను రావాలంటే సుమారు 10 నానోటెస్లాల దక్షిణ క్షేత్రం 3 గంటలకు పైగా నిలవాలని 1987లో గొంజాలెజ్, సురుతాని చూపించారు. మీ కాగితం మీద −10 దగ్గర గీత గీసి ఆ కింద ఎన్ని గంటలుందో కొలవండి.

గంట సగటు తీసేటప్పుడు వరస తప్పకూడదు. ముందు నిమిషం నిమిషానికి ఈవై కట్టాలి, తర్వాతే సగటు. ఉదాహరణకు వేగం 500. ఒక అరగంట బీజడ్ +10, ఇంకో అరగంట −10. ముందే బీజడ్ సగటు తీస్తే సున్నా, ఈవై కూడా సున్నా, తుఫానే లేదు. నిమిషాల్లో కట్టి సగటు తీస్తే 2.5. భూమి సగటులను చూసి స్పందించదు కదా.

ఇక డీఎస్‌టీని మనమే లెక్కగట్టడం. ఈ దారి 1975లో బర్టన్, మెక్‌ఫెరాన్, రస్సెల్ వేసింది. అంకెలను 2000లో ఓబ్రియన్, మెక్‌ఫెరాన్ సవరించారు. వలయ విద్యుత్తును చిల్లు కుండ అనుకోండి: ఈవై పోస్తూ ఉంటుంది, కుండ కారుతూ ఉంటుంది. గంటకు పోసేది:

పోత = −4.4 × (ఈవై − 0.49)

ఈవై 0.49 కంటే తక్కువైతే పోత సున్నా. కారే వేగాన్ని చెప్పే క్షయ కాలం గంటల్లో:

క్షయ కాలం = 2.40 × ఎక్స్‌పొనెన్షియల్ [9.74 ÷ (4.69 + ఈవై)]

కొత్త విలువ = పాత విలువ + పోత − (పాత విలువ ÷ క్షయ కాలం)

ఒకసారి చేత్తో చేయండి. వేగం 600, బీజడ్ −10 అనుకుంటే ఈవై 6. పోత గంటకు −24.2. క్షయ కాలం 6 గంటలకు ఒక వెంట్రుక తక్కువ. −20 నుంచి మొదలుపెడితే తర్వాతి గంటకు −41, ఆపైన −58, ఆపైన −73. చూశారా, మొదటి గంటలో 21 దిగింది, మూడో గంటలో 15కే సరిపెట్టుకుంది. పోసేది మారలేదు, నిండినకొద్దీ కారడం పెరిగింది. ఇదే గాలి ఎంతసేపు వీచినా −145 దగ్గర నిలిచిపోతుంది. గాలి ఉత్తరానికి తిరిగి ఈవై సున్నా అయిందనుకోండి, క్షయ కాలం 19 గంటలకు సాగుతుంది. దిగేటప్పుడు గబగబా, ఎక్కేటప్పుడు నింపాదిగా ఉండే ఆ డీఎస్‌టీ ఆకారం ఈ రెండు సూత్రాల్లోంచే వచ్చింది. స్ప్రెడ్‌షీట్‌లో నాలుగు కాలమ్‌ల పని.

వచ్చిన విలువకు ఒత్తిడి ప్రభావం కలపాలి: ఒత్తిడి వర్గమూలాన్ని 7.26తో గుణించి, 11 తీసేసి, కలపండి. ఒత్తిడి నానోపాస్కల్స్‌లో. 16 నానోపాస్కల్స్ ఒత్తిడి ఉంటే 18 నానోటెస్లాలు పైకి. షాక్ రాగానే సిమ్-హెచ్ ఎగిరింది ఇందుకే.

మీ లెక్కనూ క్యోటో డీఎస్‌టీనీ ఒకే గ్రాఫ్ మీద వేయండి. అచ్చుగుద్దినట్టు కలవదు, కలిసిందంటే నాకు అనుమానం వస్తుంది. రెండు గీతలు విడిపోయిన చోటే ప్రాజెక్టులో అసలు చర్చ ఉంటుంది. లెక్క లోతుగా దిగి నిజం దిగకపోతే, ఎల్1 దగ్గర నౌక చూసిన గాలి భూమికి తగిలిన గాలి ఒకటేనా అని అడగండి. విండ్ ఒక్కోసారి సూర్యుడు-భూమి గీతకు బాగా పక్కగా ఉంటుంది. ఏస్, విండ్ రెండింటి బీజడ్‌నూ పోల్చి చూస్తే, పెద్ద ముద్దలో పెద్దగా తేడా కనపడదు, గజిబిజి గాలిలో మాత్రం బాగా తేడా వస్తుంది. ఈ పోలిక చేసినవాళ్ల రిపోర్టుకు నేను మార్కులు ధారాళంగా వేస్తాను.

రిపోర్టులో డీఎస్‌టీ ఏ రకానిదో తప్పక రాయండి. తక్షణం వచ్చేది, తాత్కాలికం, తుది అని మూడు రకాలు, అంకెలు మారతాయి. ఈ తుఫానుకే పాత పేపర్లలో −223 కనిపిస్తుంది, తర్వాతి విలువ −234. రెండు పేపర్లు కొట్టుకుంటున్నాయని కంగారుపడనక్కర్లేదు.

రెండో తుఫాను, ఆపైన రాని తుఫాను

రెండోదిగా సీఎంఈ (సూర్యుడు ఒక్కసారిగా విసిరే ప్లాస్మా ముద్ద) లేనిది తీసుకోండి. కరోనా రంధ్రాల (సూర్యుడి బయటి వాతావరణంలో గాలి తేలిగ్గా బయటపడే చోట్ల) నుంచి వచ్చే వేగపు గాలి, ముందున్న నెమ్మది గాలిని గుద్దుకునే చోట పుట్టే తుఫానులు వేరే జాతి. షాక్ సాధారణంగా ఉండదు. సాంద్రత ముందు పెరిగి పడిపోతుంది, వేగం, ఉష్ణోగ్రత ఒకటి రెండు రోజుల పాటు మెల్లగా ఎక్కుతాయి, బీజడ్ అటూ ఇటూ ఊగుతుంది. డీఎస్‌టీ −100 దాటడం అరుదు, కానీ తేరుకోవడానికి రోజులు పడుతుంది. సూర్యుడు ఒక చుట్టు తిరిగి 27 రోజులకు అదే రంధ్రం మళ్లీ ఎదురొస్తుంది కాబట్టి మీ గ్రాఫ్‌ను 27 రోజులు జరిపి పాతదాని కింద పెట్టండి. సగటు వరస గురించి నేనెందుకు అంత గట్టిగా చెప్పానో ఇక్కడ అర్థమవుతుంది, ఊగే బీజడ్‌లో ముందే సగటు తీసినవాళ్లకు తుఫానుకు కారణమే దొరకదు.

మూడోది రాని తుఫాను. దీన్ని ఎవరూ అడిగి తీసుకోరు, నేనే అంటగడతాను. 2014 జనవరి 7న ఎక్స్ తరగతి ఫ్లేర్‌తో పాటు సెకనుకు 2000 కిలోమీటర్లు దాటిన వేగంతో సీఎంఈ బయల్దేరింది. గట్టి తుఫాను వస్తుందని హెచ్చరికలు వెళ్లాయి. 9వ తేదీన వచ్చింది ఏమిటో ఆమ్నిలో చూడండి, అదే ఆరు గళ్లు, అదే వరస. అసలు ముద్ద పక్కకు పోయి, భూమికి అంచు మాత్రమే తగిలింది. సీ9 ఫ్లేర్ కాగితాన్నీ దీన్నీ గోడకు పక్కపక్కన అంటించి, రెండింటిలోనూ రంగు వేసిన బీజడ్ భాగం ఎంతుందో కొలిపిస్తాను. తర్వాత ఫ్లేర్ తరగతి గురించి ఎవరూ నన్ను అడగరు.

ఈ మూడూ చేసినవాళ్లు పాత డేటా వదిలి లైవ్‌లోకి రావచ్చు. అమెరికా అంతరిక్ష వాతావరణ కేంద్రం ఎల్1 నుంచి వచ్చే సౌర పవనం కొలతలను ఎప్పటికప్పుడు గ్రాఫ్‌గా పెడుతుంది. ఇక్కడ టైమ్ కొలిచినప్పటిది, జరిపింది కాదు, కాబట్టి ప్రయాణ కాలం మీరే కట్టుకోవాలి: 400 వేగమైతే గంటకు కొంచెం పైన, 800 అయితే అరగంట. శుభ్రం చేయని డేటా కూడా, ఒక్క ముల్లు కనిపించగానే ఎగిరి గంతేయకండి. హెచ్చరిక వచ్చిన రోజు షాక్ కనపడగానే, క్యోటో పేజీ తెరవకముందే, రాబోయే మూడు గంటల డీఎస్‌టీని కుండ లెక్కతో కట్టి కాగితం మీద రాయండి. బీజడ్ ఇప్పుడున్నట్టే ఉంటుందని ఒక వరస, ఉత్తరానికి తిరుగుతుందని ఇంకో వరస. పక్కన రాసిన టైమ్ వేయండి, యూటీలో. క్యోటో విలువలు వచ్చాక మూడో వరసగా వాటిని అదే కాగితం మీద నింపండి, ముందు రాసినవి చెరపకుండా.